భూలక్ష్మి కుడిచెయ్యి

చేటలో తునికాకు కత్తిరించి పెట్టి ఉంది. పక్కన తంబాకు, దారపు ఉండ. భూలక్ష్మి ఎడమచేత్తో ఒక ఆకు తీసి కుడిచేతి వేళ్ళకు అందించింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావాలి, ఆకును పట్టి మెలిపెట్టాలి. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ వేళ్ళు చేస్తున్న పని అది. ఇప్పుడు రాలేదు. నాలుగు వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. బొటనవేలు దూరంగా తొలగిపోయింది. అరచెయ్యి రొట్టెలాగా వెడల్పయింది. ఆకు జారి పడింది. ఆ చెయ్యి చేట మీద ఎడమ నుంచి కుడికి వంపుగా ఊగి, చివర మణికట్టు దగ్గర చిన్న తిప్పు తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది. తంబాకంతా నేలపాలయింది.

"సూసినవా చెల్లె," అంది భూలక్ష్మి. "పాటిమీదామె మళ్ల అలుకబట్టింది."

అరుగు మీద బీడీలు చేస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె, మా ఇంటికి తోలియ్యి, బతుకమ్మకు ఇల్లంతా అలికించుకుంటానంది. భూలక్ష్మి కూడా నవ్వింది. గంగామణి నవ్వలేదు. చివర్లో మణికట్టు తిప్పే ఆ తీరు ఆమెకు బాగా తెలుసు. తన ఉద్యోగంలో తెర మీద గీతలుగా ఎన్నోసార్లు చూసింది. అది అక్క తిప్పు కాదు. ఏడు వందల ఏళ్ళ కింద పాటిగడ్డ మీద బతికి చచ్చిపోయిన ఒక మనిషిది.

పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించారు. ఎముకలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి, బలం కూడా బాగుంది, ఇంకేం కావాలి అన్నాడాయన. భూలక్ష్మి ఎడమచేత్తో తింటోంది. ఎవరైనా చూస్తే సిగ్గని పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. బిడ్డ జడ అల్లలేదు. బీడీల కార్ఖానాలో ఆమె పేరు కొట్టేశారు. ఇవన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు. పొద్దుటి కూర గురించి చెప్పినట్టు చెప్పింది. గంగామణికి ఒళ్ళు మండింది. ఆ మంట ఎవరి మీదో ఆమెకు తెలుసు. అందులో కొంత తన మీదే.

ఊరికి తూర్పున పాటిగడ్డ ఉంది. ఒకప్పుడు అక్కడ ఊరుండేదనీ, పాడుబడిందనీ అందరూ చెప్పుకునేదే. ఆ మన్ను బూడిదతో, పేడతో, మనుషుల బతుకుతో బలిసిందని రైతులు తరతరాలుగా బండ్లకెత్తి చేలల్లో పోసుకున్నారు. మిగిలిన దిబ్బ మీద రెండేళ్ళ కింద పరిశోధన సంస్థ వాళ్ళు రేకుల షెడ్డు వేసి తవ్వకం మొదలుపెట్టారు. ఈ ఊరి బడిలోనే చదివి, పై చదువులు చదివి, అదే సంస్థలో చేరిన గంగామణి తన ఊరికే ఉద్యోగానికి వచ్చింది.

తవ్వితే రాజుల వస్తువులేమీ దొరకలేదు. పగిలిన కుండలు, అరిగిన రోలు, గాజుపెంకులు, మట్టితో చేసిన దారపు కదురు బిళ్ళలు, మాడిన జొన్నలు. పొయ్యి పక్కన పిల్లవాడి కాలిముద్ర ఒకటి. అన్నిటికంటే బాగా నిలిచినవి నేలలు. పేడా ఎర్రమట్టీ కలిపి అలికిన పొరలు, ఉల్లిపొరల్లాగా ఒకదాని మీద ఒకటి. ప్రతి పొరలోనూ దాన్ని అలికిన చేతి ఒత్తిడి ఎండిపోయి ఉంది. ఆ ఒత్తిడిని బయటికి లాగడానికే పొరల యంత్రం పుట్టింది. దాన్ని కనిపెట్టింది సంస్థ పెద్ద, డాక్టర్ విద్యాధర్.

నేల నుంచి ఒలిచి తెచ్చిన పొరలను, అడుగుదానితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే యంత్రంలో అమర్చుతారు. యంత్రం ఒక పొరను సన్నటి ఆవిరితో మెత్తబరుస్తుంది. మెత్తబడుతున్న పొర తన ఒత్తిళ్ళను వరసగా వదులుతుంది. అవి తీగల గుండా చేతికి తొడుక్కునే ఒక గుడ్డ గవుసులోకి, గవుసులో ఉన్న మనిషి చేతిలోకి వస్తాయి. పని అయ్యేసరికి పొర పొడి అయిపోతుంది. చదివిన పొర మళ్ళీ ఉండదు.

మొదట విద్యాధర్ సారు తన చెయ్యే పెట్టాడు. జలదరింపు తప్ప ఏమీ తెలియలేదన్నాడు. పట్నం నుంచి వచ్చిన విద్యార్థులకూ అంతే. గంగామణి పెట్టినప్పుడు, గుడ్డ అవతల ఎవరో కదులుతున్నట్టు తెలిసింది. చిన్నప్పుడు అలికిన చెయ్యి కదా. అలుకు తెలిసిన చేతికే పొర అర్థమవుతుందని ఆమెకు అప్పుడు తట్టింది. వేళ్ళతో బతికేవాళ్ళయితే ఇంకా మేలనుకుంది. అక్కను, అక్కకు వదినె వరసయ్యే మల్కవ్వను, బీడీలు చేసే మరికొందరిని తానే పిలుచుకొచ్చింది. కూలి మంచిదే. నీడపట్టున కూర్చునే పని.

భూలక్ష్మి మొదటిసారి గవుసు తొడుక్కున్నప్పుడు షెడ్డులో అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆమె చెయ్యి లోపల కదలడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు మూసుకుని, కాసేపటికి నడుం కొంచెం పక్కకు వంచింది.

"కడుపుతోని ఉన్నదీమె," అంది. "నెలలు నిండినయి. కడుపుకు తగలకుండ దూరంకెళ్లి అలుకుతున్నది. నడుం గుంజుతున్నది పాపం."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. విద్యాధర్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి మూడో ఇంటి నేల భూలక్ష్మిదైంది. ఆమె చెప్పగా ఆ ఇంటి బతుకు బయటికి వచ్చింది. ప్రసవం తరువాత కొన్ని పొరలు వేరే చేతివి, బహుశా అత్తవి, గట్టిగా, ఓపిక లేకుండా రుద్దినవి. మళ్ళీ ఆమె చెయ్యి. తరువాత పొరల్లో పేడ తక్కువ, నీళ్ళు తక్కువ. గొడ్లు చచ్చిపోయాయన్నమాట. వానలు లేవన్నమాట. ఆ తరువాత గది మూలన గుండ్రంగా ఒకేచోట గబగబా అద్దిన పొరలు. మణికట్టు తిప్పు లేదు, వంపు లేదు, అరచేత్తో అదమడమే. దాని మీద, ఆ గుండ్రం కనబడకుండా నేలంతా కలిపి ఒకే నున్నటి అలుకు.

ఆ గుండ్రం కింద తవ్వితే పాతర బయటపడింది. జొన్నలు నిండుగా ఉన్నాయి, నల్లబడి. తినడానికి ఆమె మళ్ళీ రాలేదు.

ఈ సంగతి మీద విద్యాధర్ సారు రాసిన వ్యాసం పేరు చదివి వినిపిస్తే భూలక్ష్మి అర్థం చెప్పమంది. కరువులో పన్ను ఎగవేతకు తొలి భౌతిక సాక్ష్యం అని గంగామణి చెప్పింది.  భూలక్ష్మి, పిల్లతల్లి నాలుగు గింజలు దాచుకుంటే దాన్ని ఎగ్గొట్టుడంటరా మీ సదువుల, అని ఒక్కమాట అని లేచిపోయింది.

గవుసుకు ఒక నియమం ఉండేది. ఒకసారి చదివిన చెయ్యి వారంపాటు విశ్రాంతి తీసుకోవాలి. ఆ వారంలో సొంత పనులు చేసుకుంటే చెయ్యి తన పద్ధతికి తాను వస్తుంది. అలా కాకుండా వరసగా చదివితే పరాయి చెయ్యి పాతుకుపోతుందని నియమాలు రాసినవాళ్ళకు తెలుసు. పాతుకుపోతే ఏమవుతుందో ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నియమం మాత్రం చెప్పారు.

ఊళ్ళో బదులు అనే పద్ధతి ఉంది. ఇవాళ నీ చేలో నేను నాటు వేస్తే, రేపు నా చేలో నువ్వు కలుపు తీస్తావు. ఎవరి పేరున ఎవరు పోయారని ఎవరూ అడగరు, పని ఆగకపోతే చాలు. మల్కవ్వ బిడ్డ కాన్పు కష్టమై ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మూడో ఇంటి నేలలో మల్కవ్వకు పడ్డ వంతులన్నీ కూడా భూలక్ష్మే చదివింది. మల్కవ్వ పేరు చెప్పి కూర్చుంది, గవుసు తొడుక్కుంది. దాన్ని దాచాల్సిన విషయమని ఆమె అనుకోలేదు. గంగామణి అప్పుడు పట్నంలో వేరే పని మీద ఉంది. తిరిగి వచ్చేసరికి అక్క చెయ్యి అక్కది కాదు.

విద్యాధర్ సారు చెడ్డమాట మాట్లాడే మనిషి కాదు. గంగామణిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెత్తగా చెప్పాడు. జరిగినదానికి తనకు చాలా బాధగా ఉందన్నాడు. అయితే నియమం స్పష్టంగా ఉంది, వేరేవాళ్ళ పేరుతో కూర్చోవడం మోసం కిందికి వస్తుంది, సంస్థ దానికి బాధ్యత వహించలేదు అన్నాడు.

గంగామణి బడిలో ఉన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడని పిల్ల. ఆమె టీ ముట్టలేదు.

"సార్, ఏడు వందల ఏళ్ళ కింద అత్త అలికిన పొర ఏదో, కోడలు అలికిన పొర ఏదో ఈ యంత్రం చెప్పింది. ఒకే చెయ్యి రెండు పేర్లతో వచ్చి గవుసులో కూర్చుంటే చెప్పలేదా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"చెప్పింది," అంది గంగామణి. "వారం తిరక్కుండా అదే చెయ్యి వస్తే ఎర్రదీపం వెలుగుతుంది. నేనే పెట్టించాను ఆ దీపం. మీరు చూశారు."

అప్పుడు ఆయన కాదనలేదు. వరసగా చదివినప్పుడే పొరలు అంత స్పష్టంగా వచ్చాయని, పాతర సంగతి అలాగే తెలిసిందని ఒప్పుకున్నాడు. ఆపాలని అనుకున్నాననీ, ఇంకొక్క పొర, ఇంకొక్క పొర అనుకుంటూ ఉండిపోయాననీ అన్నాడు. శాస్త్రంలో అలాంటి రోజులు జీవితంలో ఒక్కసారే వస్తాయట.

గంగామణి తాను వచ్చిన పని అడిగింది. గవుసు పని మొదలుపెట్టకముందు ప్రతి మనిషి చేతా ఒక మట్టిపలక అలికించి పెట్టుకున్నారు. చదివే చెయ్యి ఎలాంటిదో యంత్రానికి ముందే తెలిస్తే, మిగిలినదంతా చనిపోయినామెదని లెక్క. భూలక్ష్మి అలికిన పలక అలమారలో భద్రంగా ఉంది. దాన్ని భూలక్ష్మి చేతికే చదివిస్తే, ఆమె సొంత చెయ్యి మళ్ళీ ఆమెలోకి రావచ్చు. రాకపోవచ్చు కూడా. కాని వేరే దారి లేదు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. పలక పొడి అయిపోతే మూడో ఇంటి ఫలితాలను ఇంకెవరూ సరిచూడలేరు. అంటే వ్యాసం పోతుంది, అందులో గంగామణి పేరు కూడా ఉంది, ఆమె రెండేళ్ళ కష్టమూ పోతుంది. అదంతా ఆమెకు తెలిసిందే. ఆ తరువాత చెప్పింది తెలియదు.

"ఆఖరి పొర తప్ప నేలంతా పొడి అయిపోయింది గంగామణీ. మా దగ్గర ఉన్నవి గీతలు, అంకెలు. ఆ మనిషి చెయ్యి నిండుగా ఈ లోకంలో ఇప్పుడు ఒకే ఒక్కచోట ఉంది. మీ అక్క దగ్గర. అది పురావస్తువు. దానికి హాని కలిగే పని ఎవరూ చెయ్యకుండా సంస్థ చూసుకోవాలి."

నెలనెలా జీతం ఇస్తామన్నాడు. భూలక్ష్మి ఏ పనీ చెయ్యనక్కర్లేదు, ఆ చేతిని జాగ్రత్తగా ఉంచుకుంటే చాలు. మూడో ఇంటి నేలలో ఆఖరి పొర ఇంకా ఉంది. వచ్చే సోమవారం పట్నం నుంచి నిపుణులు వస్తున్నారు. వాళ్ళ ముందు ఆ పొరను భూలక్ష్మే చదవాలి. శాలువా కప్పుతారు.

గంగామణి ఇంటికి వచ్చి ఈ మాటలన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. మల్కవ్వ కూడా అక్కడే ఉంది. నీ చెయ్యి నా బిడ్డ కాన్పుకు పోయింది భూలక్ష్మీ అని ఆమె మొదటిరోజు నుంచీ కుమిలిపోతూనే ఉంది. ఇప్పుడు పురావస్తువు అనే మాట విని ఆమె ముఖం ఎర్రబడింది. ఆ సంస్థవాళ్ళ షెడ్డులో ఇక ఈ వాడ ఆడది ఒక్కతి చెయ్యి పెట్టదని తేల్చి చెప్పింది. రేపు మనల్నే గాజుపెట్టెల పెడతరు, అంది.

భూలక్ష్మి తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అది ఆమె మోకాలి మీద చిన్నగా వంపు తిరుగుతోంది.

"పలక సదివితే ఈమె పోతది గదా?" అంది.

పోతుందని గంగామణి చెప్పింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

భూలక్ష్మికి పాటిమీదామె మీద మొదట కోపం ఉండేది. బువ్వ కలపబోతే కంచమంతా అలికిపెట్టిన రోజు ఆ చేతిని గోడకేసి కొట్టింది కూడా. తరువాత తరువాత ఆమెతో మాట్లాడటం అలవాటైంది. ఆమె ఎప్పుడు అలసిపోయేదో, ఎప్పుడు బెదిరేదో చేతిలో తెలిసేది. గుమ్మం అవతల అడుగుల చప్పుడు వినబడితే చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగిపోయేది. ఇప్పటికీ, వీధిలో మోటారు సైకిలు ఆగితే ఆగిపోతుంది. ఈ సంగతి భూలక్ష్మి యంత్రం వాళ్ళకు చెప్పలేదు.

"పోనియ్యి," అంది చివరికి. "ఎవ్వలకు కనవడొద్దనే గదా అంత కష్టపడి పూడ్చుకున్నది. మనమే మూత తీసినం. తీసి ఆమెను దొంగను చేసినం. ఇగ సోమారం నాడు నా చెయ్యి పట్టుకొని ఊరందరి ముంగట ఆడిపిస్తరా? ఆమె చూస్తె ఏమనుకుంటది? ఆఖరు పొర ముట్టొద్దు చెల్లె. అదన్న ఆమెకు ఉండనియ్యి."

"నా ఉద్యోగం పోతది అక్కా," అంది గంగామణి.

"పోతది," అంది భూలక్ష్మి. ఓదార్పుగా అనలేదు.

సోమవారం షెడ్డు ముందు షామియానా వేశారు. నిపుణులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. సంస్థ జీపు భూలక్ష్మిని తీసుకొచ్చింది. లోపల యంత్రం దగ్గర పొరను అమర్చే పని ఎప్పుడూ గంగామణిదే. బయట ప్రసంగం నడుస్తుండగా ఆమె అలమార తెరిచి పలక తీసింది.  కోపం చేతులను ఇంత నిలకడగా ఉంచుతుందని ఆమెకు అంతకుముందు తెలియదు. పలకను యంత్రంలో పెట్టి, అక్కకు గవుసు తొడిగింది. చెల్లెలి ముఖం చూడకుండా, "కానియ్యి," అంది అక్క.

ప్రసంగం ముగించి విద్యాధర్ సారు నిపుణులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చేసరికి యంత్రం నడుస్తోంది. తన కోసం ఆగనందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. అయినా మెల్లగా వివరించడం మొదలుపెట్టాడు. ఇంతలో ఆయన చూపు యంత్రం కింది పళ్ళెం మీద పడింది. పాటిగడ్డ నేల పొడి బూడిదరంగులో రాలుతుంది. పళ్ళెంలో రాలుతున్నది ఎర్రగా, కొత్తగా ఉంది.

ఆయన మాట ఆగిపోయింది. ఒక్క అంగలో మీట దగ్గరికి వచ్చాడు. గంగామణి మీటకు అడ్డంగా నిలబడింది.

"మధ్యలో ఆపితే ఆమె చెయ్యీ ఉండదు, మా అక్క చెయ్యీ ఉండదు," అంది. "ఆపుతారా?"

నిపుణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విద్యాధర్ సారు చెయ్యి మీట వైపు చాచినది చాచినట్టే ఉండిపోయింది. ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. ఒక మనిషిని చంపుతున్నావన్నాడు. ఏడు వందల ఏళ్ళు నిలిచిన మనిషిని, మళ్ళీ ఎన్నటికీ దొరకని మనిషిని చంపుతున్నావన్నాడు. గంగామణికి ఆ మాట తగిలింది. అది పూర్తిగా అబద్ధం కాదని ఆమెకు తెలుసు.

"ఆమె పేరు తెలుసా సార్ మీకు?" అంది. "మా అక్క పేరు మాత్రం తెలుసు. ఆ ఎర్రదీపం వెలిగినప్పుడల్లా తెలుసు."

భూలక్ష్మి ఏ మాటా వింటున్నట్టు లేదు. కళ్ళు మూసుకుని ఉంది. గవుసులో చెయ్యి ముందు వంపుగా ఊగింది, చివర తిప్పు తిప్పింది. రెండోసారి ఊగినప్పుడు తిప్పు సగంలో తడబడింది. తరువాత చాలాసేపు చెయ్యి కదలలేదు. ఆమె పెదవులు ఏదో అన్నాయి. వెళ్ళేవాళ్ళకు చెప్పే మాటలాగా ఉందది, వినబడలేదు. పళ్ళెంలో ఆఖరి పొడి రాలింది. యంత్రం తనంతట తానే ఆగిపోయింది.

 భూలక్ష్మి గవుసులోంచి చెయ్యి తీసుకుని, వెంటనే కొంగు కిందికి లాక్కుంది.

విద్యాధర్ సారు ఆమె ముందు ఒంగాడు. కోపం పోయి ఆయన ముఖంలో వేరే ఆత్రం వచ్చింది.

"వచ్చిందా అమ్మా? నీ చెయ్యి నీకు వచ్చిందా? ఒక్కసారి చూపించు. ఇలా జరగడం ప్రపంచంలో ఇదే మొదటిసారి. ఒక్కసారి వేళ్ళు కదిపి చూపించు చాలు."

ఆయన కొంగు వైపు చెయ్యి చాచాడు.

"ముట్టకు సారూ," అంది భూలక్ష్మి.

"వచ్చిందో లేదో చెప్పనైనా చెప్పు."

ఆమె లేచి నిలబడింది. శాలువా ఉన్న పళ్ళేన్ని మోకాలితో పక్కకు జరిపి దారి చేసుకుంది. ఆయన అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. వెనక నుంచి నిపుణుల్లో ఒకరు కూడా అడిగారు. ఆమె వెనక్కి తిరగకుండా బయటికి నడిచింది. వాకిట్లో ఎండ పడుతోంది. గంగామణి, ఉద్యోగం పోయిన మనిషి, అక్క పక్కన నడిచింది. తనకు కూడా అడగాలని ఉంది. అడగడానికి భయంగా ఉంది.

షామియానా దాటుతుండగా, ఎవరికీ కనబడకుండా, కొంగు కింద నుంచి రెండు వేళ్ళు వచ్చి గంగామణి జబ్బ చర్మాన్ని పట్టుకుని మెలిపెట్టి గిచ్చాయి. బొటనవేలు, చూపుడువేలు. తన చేతిని ఆ గవుసులోకి తీసుకుపోయినందుకు గిచ్చిన గిచ్చు అది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి పుట్టింది. గంగామణి నోరు తెరవకుండా, ముఖం మారకుండా, అక్క వదిలేదాకా నడుస్తూనే ఉంది.